పిన్ని పెట్టిన రూలు

మా పిన్నికి కుళ్ళు ఎక్కువ. ఈ మాట ఆమె వెనక అనడం లేదు, ఎదుటే చాలాసార్లు అన్నాను. "అవునే, నాకు కుళ్ళే. అందరికీ ఉంటుంది. నాకు దాచుకోవడం రాదు, అంతే" అని సూదిలో దారం ఎక్కిస్తూ జవాబు చెప్పేది. పక్క షాపుకి గిరాకీ పెరిగితే ఆమెకి ముద్ద దిగదు. చర్చిలో ముందు వరసలో నిలబడి పాడే ఆవిడ గొంతు బాగుందని ఎవరైనా అంటే "గొంతు కాదు, మైకు బాగుంది" అని సరిచేస్తుంది. అలాంటి మనిషి ఒక భక్తసంఘాన్ని స్థాపించింది. అందులో గురువులూ ఉన్నారు, సంసారులూ ఉన్నారు, బిషప్ గారి ఆమోదం కూడా ఉంది. అదెలా జరిగిందో చెప్పాలంటే ఆ కుళ్ళు సంగతి చెప్పక తప్పదు.

ఆమె దర్జీ. ఫాదర్లు తొడుక్కునే తెల్ల అంగీలు, పూజలో పైన వేసుకునే వస్త్రాలు, పీఠం మీద పరిచే గుడ్డలు కుడుతుంది. నేను ఆమె అక్క కూతుర్ని, అదే షాపులో కాజాలు కుడుతూ ముసలిదాన్ని అవుతున్నాను. షాపంటే రెండు మెషీన్లు, ఒక ఇస్త్రీ బల్ల, కిటికీ పక్కన తలలేని బొమ్మ. ఆ బొమ్మకి ఎప్పుడూ ఏదో ఒక అంగీ వేసి ఉంటుంది కాబట్టి చూపు ఆనని ముసలివాళ్ళు కొందరు దానికి దణ్ణం పెట్టి పోతుంటారు. పిన్ని కిటికీలోంచి చెయ్యి ఊపి దీవిస్తుంది.

తాతయ్య పోయేనాటికి పిన్ని ఇంకా చిన్నపిల్ల. అప్పుడు మా విచారణ గురువుగా, అంటే మా చర్చికి పెద్దగా ఉన్న పెద్ద ఫాదర్ ఇంటికొచ్చి, "పిల్ల చేతికి ఏదైనా పని నేర్పిద్దామమ్మా" అని అమ్మమ్మని ఒప్పించి, తనే తీసుకెళ్ళి ఒక దర్జీ దగ్గర కూర్చోబెట్టారు. ఆమె మొట్టమొదట కుట్టిన అంగీ ఆయనదే. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. ఆయన ఆ పొడుగు చెయ్యి మడుచుకుని ఏడాదంతా అదే అంగీతో తిరిగారు. ఎవరైనా నవ్వితే "నా చేతులే అలా ఉన్నాయి, దర్జీ తప్పేం లేదు" అనేవారట. పిన్నికి అది చాలు. నాన్న ఖాళీ చేసి వెళ్ళిన చోట ఆయన కూర్చున్నారు. తర్వాత ఎన్ని సంబంధాలు వచ్చినా, ఆయనంత మంచివాడు కాదని ఒక్కొక్కరినే తిప్పి పంపింది.

వయసు మీద పడ్డాక పెద్ద ఫాదర్ని చర్చి వెనకున్న విశ్రాంత గురువుల ఇంట్లో ఉంచారు. పొడవాటి వరండా, వరసగా గదులు. గదికో మంచం, ఒక కుర్చీ, గోడకి సిలువ. మధ్య గోడలు ఎంత పలచనంటే పక్కాయన మాత్ర మింగినా తెలుస్తుంది. పిన్ని ప్రతి ఆదివారం పూజ అవగానే ఆయన గదికి వెళ్ళేది. చిరుగులు కుట్టేది, గోళ్ళు తీసేది, వీధిలో జరిగినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. అందులో సగం జరగనివే. అది ఆయనకీ తెలుసు. ఇద్దరూ కలిసి పగలబడి నవ్వేవాళ్ళు.

ఒక ఆదివారం గదుల్లోవాళ్ళకి సత్ప్రసాదం ఇవ్వడానికి వచ్చిన చిన్న ఫాదర్, అంటే ఇప్పుడు మా విచారణలో సహాయ గురువు, గుమ్మంలో నిలబడిపోయాడు. తర్వాత షాపుకొచ్చి ఇస్త్రీ బల్ల అంచున కూర్చుని అసలు సంగతి చెప్పాడు.

"మిగతా గదులకి ఎవరూ రారమ్మా. మీలాంటివాళ్ళు ఇంకో పదిమంది ఉంటే ఎంత బాగుంటుంది! ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో పెద్దాయనకి తోడుగా ఉంటారు. ఆయన కూడా ఆ ఇంటి కష్టసుఖాలు వింటారు, వాళ్ళ కోసం రోజూ ప్రార్థిస్తారు. ఒకరు పైన, ఒకరు కింద అని కాదు. ఇద్దరూ సభ్యులే."

"మీలాంటివాళ్ళు" అన్న మాట దగ్గరే పిన్ని పడిపోయింది. "తోడు సంఘం అని పెట్టండి ఫాదర్" అని పేరు కూడా అక్కడికక్కడే ఇచ్చేసింది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళందరినీ చేర్పించింది. కొలతలు తీసుకునేటప్పుడు టేపు మెడ చుట్టూ ఉంటుంది కదా, ఎవరూ కాదనేవారు కాదు. సైకిళ్ళు బాగుచేసే అతను అలాగే చేరాడు. ఆస్పత్రి లాండ్రీలో పనిచేసే ఆవిడ చేరింది. చివరగా, బడి నుంచి రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు చేరారు.

ఆవిడతోనే వచ్చింది చిక్కు. మొదట్లో ఎవరు ఏ గదికి వెళ్ళాలన్న లెక్క ఏమీ లేదు. ఎవరికిష్టమైన గదికి వాళ్ళు వెళ్ళొచ్చు. అందరికీ పెద్ద ఫాదర్ గదే ఇష్టం. ఆయనకి చూపు మందగించిందని తెలిసి, హెడ్మిస్ట్రెస్ గారు రోజూ వెళ్ళి పుస్తకాలు చదివి వినిపించడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం పిన్ని వెళ్ళేసరికి కుర్చీలో ఆవిడ ఉంది, ఒళ్ళో లావాటి పుస్తకం ఉంది.

"రామ్మా, రా. ఈవిడ ఎంత చక్కగా చదువుతారో విను" అన్నారు పెద్ద ఫాదర్.

పిన్ని నిలబడే విన్నది. ఆ గదిలో ఇంకో కుర్చీ లేదు. కబుర్లు చెప్పే సందు దొరకలేదు. గోళ్ళు తీద్దామంటే హెడ్మిస్ట్రెస్ గారు నిన్ననే తీశారట.

"చదువుతుందిట చదువు! పిల్లల్ని నిద్రపుచ్చిన గొంతు అది" అంది పిన్ని షాపుకొచ్చాక. మెషీన్ మీద చూపించింది కోపమంతా. రెండు సూదులు విరిగాయి. "గోళ్ళు కూడా తీసేసిందే! గోళ్ళు కూడానా?"

"పోనీలే, సంఘం పెట్టిందే అందుకు కదా" అన్నాను.

"సంఘం పెట్టింది మిగతావాళ్ళ కోసం. ఆయన్ని పంచమని ఎవరన్నారు?"

అప్పుడు నాకు అర్థమైంది. అంత గొప్ప పని మొదలుపెట్టి, తనకున్న ఒకే ఒక్క మనిషిని తన చేత్తోనే అందరికీ ఇచ్చేసింది. ఆయన్ని ఎలా వెనక్కి తెచ్చుకోవాలా అన్నదే ఇక ఆమె ధ్యాసంతా.

ఈలోగా బిషప్ గారు సంఘానికి నియమావళి రాసి పంపమన్నారు. హాల్లో సమావేశం పెట్టారు. ముసలి గురువుల్ని కూడా చక్రాల కుర్చీల్లో తీసుకొచ్చారు, వాళ్ళూ సభ్యులే కాబట్టి. హెడ్మిస్ట్రెస్ గారు ఒక్కో నియమం చదువుతుంటే అందరూ చేతులెత్తుతున్నారు. మధ్యలో పిన్ని లేచింది.

"నాదొక రూలు ఉంది. ఏడాదికోసారి చీటీలు తీయాలి. చీటీలో ఏ ఫాదర్ పేరొస్తే ఆ ఏడాదంతా వాళ్ళకే తోడు. పక్క గది గడప తొక్కకూడదు, లేకపోతే మళ్ళీ అందరూ ఒక్క గదిలోనే చేరతారు. నా ఫాదర్, నీ ఫాదర్ అన్న మాటే ఇక్కడ వినపడకూడదు."

చిన్న ఫాదర్ కళ్ళు తుడుచుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి పిన్నిని కౌగలించుకున్నారు. పిన్ని కర్రలా నిలబడింది. ఆ రూలు ఎవరి మీద పెట్టిందో ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. అందరికంటే ముందు చెయ్యెత్తింది పెద్ద ఫాదర్.

"మరి ఆయన చీటీ నీకు రాకపోతేనో?" అని అడిగాను దారిలో.

"ఎందుకు రాదు? చీటీ తీయించేది దేవుడు. నాది న్యాయమో, ఆవిడది న్యాయమో ఆయనకి తెలీదా?"

బిషప్ గారు వచ్చిన రోజు చర్చి కిక్కిరిసిపోయింది. కొన్నేళ్ళ పాటు నడిపి చూడమని సంఘానికి అనుమతి చదివి, ప్రసంగంలో ఆయన ఆ చీటీల నియమం దగ్గరే ఆగారు. "తనకు అన్నిటికంటే ఇష్టమైనదాన్ని వదులుకోగలిగిన మనసు మాత్రమే ఇలాంటి నియమాన్ని ఆలోచించగలదు. ఎవరా తల్లి?" అన్నారు. అందరూ పిన్ని వైపు చూపించారు. "ఈ సంఘ స్థాపకురాలు ఈమే" అని చిన్న ఫాదర్ లేపి నిలబెట్టాడు. పిన్ని తలొంచుకుంది. వినయం కాదు, హెడ్మిస్ట్రెస్ గారి మొహం ఎలా ఉందో ఓరకంట చూసుకోవడానికి.

పూజ అవగానే బుట్టలో చీటీలు వేశారు. హెడ్మిస్ట్రెస్ గారికి బొత్తిగా చెవులు వినపడని ఫాదర్ వచ్చారు. పిన్ని నన్ను మోచేత్తో పొడిచింది. "చదవమను ఇప్పుడు, ఎంత చదువుతుందో!"

తర్వాత సైకిలతను తీశాడు. పెద్ద ఫాదర్.

పిన్ని చీటీలో చిటపట ఫాదర్ పేరుంది. పెద్ద ఫాదర్ పక్క గదే ఆయనది. ఎవరు పలకరించినా నూనెలో నీళ్ళు పడ్డట్టు లేస్తారని ఆ పేరు వచ్చింది. పిన్ని ఆ చీటీని తిరగేసి, మళ్ళీ తిరగేసి చూసింది. సైకిలతను పాపం మంచివాడు, దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు.

"అక్కా, మీకు పెద్ద ఫాదరంటే ప్రాణం కదా. మార్చుకుందామా?"

నాలుగడుగుల దూరంలో బిషప్ గారు ఆమెకేసి నవ్వుతూ చూస్తున్నారు. ఆయన పక్కనే హెడ్మిస్ట్రెస్ గారు.

"అక్కర్లేదు. రూలు రూలే" అంది పిన్ని. ఆ మాట అనడానికి ఆమె మింగిన మింగుడు నాకు తెలుసు.

ఇక ఆదివారాలు నరకమయ్యాయి. చిటపట ఫాదర్కి టీ చల్లగా ఉంటుంది, లేదా నాలుక కాలుతుంది. కిటికీ తీస్తే గాలి, మూస్తే ఉక్క. ఆమె కుట్టిన కుట్టుని అద్దాలు పెట్టుకుని మరీ పరీక్షించి, "వంకర" అనేవారు. పూజలో పెద్ద ఫాదర్ చక్రాల కుర్చీని సైకిలతను తోసుకొస్తుంటే, చక్రాలకి కొత్తగా నూనె వేశాడని మెచ్చుకున్నవాళ్ళందరి మీదా పిన్ని మండిపడేది. పెద్ద ఫాదర్ దూరం నుంచి చెయ్యి ఊపేవారు. ఆమెకి ఊపారో, ఊరికే ఊపారో తెలిసేది కాదు. ఆయన రూలుకి ముందు చెయ్యెత్తారన్నది ఆమెని లోపల తినేస్తోంది. "నేనంటే విసుగొచ్చి ఉంటుందే" అనేది.

ఒక ఆదివారం చిటపట ఫాదర్ దిండు గలీబుకి అంచు కుడుతుండగా గోడ అవతల నుంచి నవ్వు వినపడింది. సైకిలతను ఏదో కథ చెబుతున్నాడు, పెద్ద ఫాదర్ ఊపిరాడనంతగా నవ్వుతున్నారు. పిన్ని వేలికి సూది గుచ్చుకుంది.

"ఏం, మండుతోందా?" అన్నారు చిటపట ఫాదర్ మంచం మీంచి.

"నాకేం మంట?"

"నాకు చెప్పకు. ఇన్నేళ్ళూ గోడకి ఇవతల కూర్చుని నేను విన్నది ఇదే. అవతల నువ్వు నవ్వేదానివి, వాడు నవ్వేవాడు. ఆదివారం వస్తోందంటే నాకు భయం. వాడూ నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని ఫాదర్లం కావడానికి గురువిద్య చదువుకున్నాం తెలుసా? వాడికి అన్నీ ఉన్నాయి. నా తలుపు దాటుకునే కదా వాడి దగ్గరికి వెళ్ళేదానివి, పొరపాటునైనా ఒక్కసారి తట్టావా?"

పిన్ని సూది పక్కన పెట్టింది. ఎవరికీ చెప్పని మాట ఆయనకి చెప్పేసింది. ఆ రూలు మంచితనంతో పెట్టలేదనీ, హెడ్మిస్ట్రెస్ గారి మీద కుళ్ళుతో పెట్టాననీ, గోళ్ళ సంగతితో సహా. చిటపట ఫాదర్ మొదట నోరు తెరిచారు. తర్వాత ఆయన గొంతులోంచి ఏదో గరగర వచ్చింది. దగ్గేమో అనుకుని పిన్ని నీళ్ళందించింది. ఆయన నవ్వుతున్నారు. "బిషప్ గారు... మెచ్చుకున్న రూలు..." అంటూ మంచం అదిరేలా నవ్వుతున్నారు. ఆమెకీ నవ్వు ఆగలేదు. ఆగాక కూడా గోడ వైపు తిరిగి ఇంకాస్త గట్టిగా నవ్విందని నాతో తనే చెప్పింది. సగం సంతోషం, సగం కక్ష.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ గదిలో నవ్వులే. చిటపట ఫాదర్ టీకి వంకలు పెట్టడం మానేశారు.

కొన్నాళ్ళకి సైకిలతను ఒక అంగీ పట్టుకుని షాపుకొచ్చాడు.

"పెద్ద ఫాదర్ గారిదక్కా. గుండీ ఊడింది. మీ చేతే కుట్టించమన్నారు."

"ఇంకేమన్నారు?"

"ఏమీ అనలేదు. ఈమధ్య ముభావంగా ఉంటున్నారు. నేను కథ మొదలుపెడితే వద్దంటున్నారు. 'పక్క గదిలో అంత నవ్వులెందుకోయ్? నేను చెయ్యెత్తింది వాడికెవరూ లేరని కానీ, వాడికి అన్నీ ఇచ్చేయమని కాదు' అని నిన్న నామీద విసుక్కున్నారు."

పిన్ని అంగీని వెలుతురుకి పట్టింది. నేనూ తొంగి చూశాను. ఊడిన గుండీ అయితే పోగులు వేలాడాలి, గుడ్డ కాస్త లాగినట్టుండాలి. ఇక్కడ దారాలు నున్నగా తెగి ఉన్నాయి. గోళ్ళు తీసే కత్తెరతో ఎవరో ఓపిగ్గా, చూపు ఆననివాళ్ళు తడుముకుంటూ కోసినట్టు, పక్కన గుడ్డ మీద కూడా రెండు చిన్న గాట్లు పడ్డాయి. గుండీ ఎక్కడికీ పోలేదు. కాగితంలో చుట్టి జేబులో భద్రంగా పెట్టారు.

పిన్ని అంగీని మొహానికి అదుముకుని ఏడ్చేసింది. సైకిలతను బెదిరిపోయాడు. "గుండీయే కదక్కా" అన్నాడు.

"నీకు తెలీదు, ఊరుకో" అని మొహం తుడుచుకుని కూర్చుంది. గాట్లు పడ్డచోట కనపడకుండా రఫూ చేసింది. తర్వాత గుండీ పెట్టి, రెండే రెండు కుట్లు వేసి దారం తెంపింది.

"ఇదేం కుట్టు పిన్నీ? వారం తిరక్కుండా ఊడిపోతుంది."

"ఊడనీవే" అంది పిన్ని.