మా తోడికోడలి సమానం గుర్తులు

మా తోడికోడలు ఇంటరుతో చదువు ఆపేసింది. నేను తెలుగు ఎమ్మే, బీఈడీ. నందిగామ హైస్కూల్లో పద్దెనిమిదేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. ఈ మాట మొదటే ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఏడాది పొడుగునా నాలో నేను ఇదే అనుకుంటూ తిరిగాను. అసూయ పడడానికి ఇంతకన్నా పెద్ద కారణం కావాలని ఎవరైనా అంటే, వాళ్ళకు తోడికోడళ్ళు లేరన్నమాట.

మా అత్తవారి ఊరు జగ్గయ్యపేట దగ్గర. మామయ్యగారు ఆ ఊరి బడిలోనే పనిచేసి రిటైరైన మేష్టారు. ఆయనకు చూపు తగ్గిపోతోంది. ఎవరైనా రాయగల, దిద్దగల వికీపీడియాలో మా ఊరికి ఒక పేజీ ఉండేది గానీ, అందులో పిన్‌కోడు, జనాభా, పక్క ఊళ్ళ దూరాలు తప్ప ఏమీ లేవు. చూపు పూర్తిగా పోకముందే, ఆయన చెప్పిన ఊరి సంగతులన్నీ ఆ పేజీలో పెట్టి "బాగా రాసావమ్మా" అనిపించుకోవాలని నా కోరిక. ఆయన తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా చేపల పులుసును ఒకసారి, నా చేతిరాతను ఒకసారి మెచ్చుకున్నారు. ఆ రెండు రోజులూ నాకు ఇప్పటికీ గుర్తే.

వేసవి సెలవుల్లో కూర్చుని రాశాను. చెరువు, బడి, చర్చి గోడలకు సున్నం బండ్ల మీద తెచ్చిన వైనం, పత్తి వచ్చాక మారిన పొలాలు. ఒక్కో వాక్యాన్ని రెండు మూడు సార్లు దిద్దుకున్నాను. పిల్లలకు చెప్పినట్టే ప్రతి పేరా మొదట రెండు వేళ్ళ జాగా వదిలాను. జాగా వదలని పిల్లలకు అర మార్కు కోసే టీచర్ని నేను. తీరా ప్రచురించి చూస్తే, నా ప్రతి పేరా ఒక బూడిదరంగు పెట్టెలో పడి ఉంది. వాక్యం కింది వరసకు దిగదు. ఫోను తెర దాటి కుడివైపుకు అలా పోతూనే ఉంటుంది. మా చెరువు గురించి చదవాలంటే వేలితో పరిటాల దాకా లాక్కుపోవాలి. జాగా చాల్లేదేమోనని ఇంకాస్త వదిలాను. పెట్టెలు అలాగే ఉన్నాయి.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం ఊళ్ళో ఇంట్లో భోజనాలకు చేరాం. ఫోను మామయ్యగారి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కళ్ళకు దగ్గరగా, మళ్ళీ దూరంగా పెట్టి చూశారు.

"ఏంటమ్మా ఇది? చీమలు బారు కట్టినట్టుంది" అన్నారు.

తోడికోడలు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె పుట్టిందీ ఆ ఊళ్ళోనే, మెట్టిందీ ఆ ఊళ్ళోనే. మరిదీ ఆమే మామయ్యగారి దగ్గర ఉంటారు. రోజూ బస్సెక్కి నందిగామ వచ్చి, కోర్టు ఎదురుగా ఒక షాపులో పిటిషన్లు టైపు చేస్తుంది.

"అక్కా, నేనొకసారి చూడనా?" అంది.

నీకేం తెలుస్తుందిలే అన్నట్టు ఇచ్చాను. ఆమె తన ఫోను, నా ఫోను పక్కపక్కన పెట్టుకుని వసారాలో కూర్చుంది. మేం అంట్లు తోమి వచ్చేసరికి పెట్టెలన్నీ పోయాయి. చెరువుకు, బడికి, చర్చికి, పంటలకు పెద్ద అక్షరాల్లో శీర్షికలు వచ్చాయి. వాటన్నిటికీ పైన దానంతట అదే విషయసూచిక వచ్చి కూర్చుంది. మొదటి వరసలో ఊరి పేరు బొద్దుగా మెరుస్తోంది.

"ఎట్టా చేసావే?" అన్నాను.

"ఏముందక్కా, పక్కూరి పేజీలో 'మార్చు' నొక్కి, వాళ్ళెట్టా పెట్టారో చూసా. మాటకి అటు రెండు, ఇటు రెండు సమానం గుర్తులు పెడితే హెడ్డింగు. మూడు ఒంటి కొటేషన్లు పెడితే బొద్దు. వరస మొదట ఖాళీ వదిలితేనే ఆ పెట్టె వస్తంది. మీరు వదిలినయ్యన్నీ తీసేసా. పిటిషనూ ఇంతేగా, జడ్జిగారు ముందు హెడ్డింగులే చూస్తారు."

మామయ్యగారు మళ్ళీ ఫోను అందుకున్నారు. చిన్న అక్షరాలు ఆయనకు ఆనవు. కానీ శీర్షికలు ఆనాయి.

"చెరువు... బడి... అబ్బ! ఇప్పుడు కనపడతందమ్మా. ఎంత బాగా చేసావే!" అన్నారు ఆమెతో.

నా వాక్యాల్లో ఆమె ఒక్క మాట మార్చలేదు. సొమ్మొకడిది, సోకొకడిది. బస్సులో జగ్గయ్యపేట వచ్చి వెళ్ళిపోయినా, నందిగామలో దిగినా నా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంటికి చేరగానే మా ఆయనతో అన్నాను, "నాలుగు గీతలు కొట్టినదానికి అంత పొగడ్తా?" అని. "నువ్వూ కొట్టాల్సింది" అన్నాడాయన.

తర్వాత రోజుల్లో నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గే. ఊరి పేరుకు ఆమె పెట్టిన బొద్దు తీసేశాను. మర్నాటికి మళ్ళీ ఉంది. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టింది. పక్కన కారణం కూడా రాసింది, 'పేజీ పేరు బొద్దుగా ఉండాలి' అని. ఇద్దరం ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు మాత్రం పిల్లల జ్వరాల గురించే మాట్లాడుకున్నాం.

స్కూళ్ళు తెరిచాక ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆ పేజీ 'చరిత్ర' తెరిచాను. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అక్కడ వరసగా ఉంటుంది. అందులో నా వాటా ఎంతో, ఆమె వాటా ఎంతో ఫొటో తీసి మా ఆయనకు చూపించాలని నా ఉద్దేశం. వెనక్కి వెళ్తూ ఉంటే ఆమె పెట్టుకున్న వాడుకరి పేరు శీర్షికల కంటే ముందే, నేను సగం రాసిన రోజుల్లోనే ఒకసారి కనిపించింది. అప్పటికి ఆ పేరు ఎవరిదో నాకు తెలియదు. అందులో ఊరి పేరు, దాని పక్కన ఏవో అంకెలు ఉంటే దారిన పోయేవాళ్ళెవరో అనుకున్నాను. నొక్కి చూశాను. మూడు వాక్యాలు.

'మిరపకోతలప్పుడు మా ఊరు పొద్దు వాలిందాకా ఖాళీగా ఉంటది. పసిబిడ్డల్ని చేను గట్టున చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి కోస్తారు. కాయలు కోసిన చేతుల్తో తాకితే బిడ్డ ఒళ్ళు మండుద్దని, పాలిచ్చేప్పుడు మా అమ్మ నన్ను మోచేతుల్తో ఎత్తుకునేదంట.'

దాని పై వరస, అంటే ఆ తర్వాతి మార్పు, నాది. ఆ మూడూ తీసేసి 'మిరప ఇక్కడి ప్రధాన వాణిజ్య పంట' అని రాశాను. కారణం దగ్గర 'భాష సరిచేశాను' అని పెట్టాను. వికీ పద్ధతి ప్రకారం నాదే ఒప్పు. 'మా అమ్మ' అని అక్కడ రాయకూడదు. ఆ తర్వాత ఆమె ఆ పేజీలో గుర్తులు తప్ప ఒక్క మాట పెట్టలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ మూడు వాక్యాలూ మళ్ళీ చదివాను. సమానం గుర్తులకు పడ్డ కుళ్ళు దీని ముందు ఏపాటిది? ఇలాంటి వాక్యం నేను పుట్టి ఒక్కటీ రాయలేదు.

ఆ ఆదివారం మామయ్యగారు పేజీ చదవమన్నారు. చెరువు చదివాను, బడి చదివాను. ఊఁ కొడుతూ విన్నారు. పంటల దగ్గరకొచ్చాక చరిత్రలోకి వెళ్ళి, తీసేసిన మూడు వాక్యాలూ చదివాను. ఊఁ కొట్టడం ఆగిపోయింది.

"ఇది చాలా బాగుందమ్మా. నువ్వే రాసావా?" అన్నారు.

అవునండీ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. తోడికోడలు గుమ్మంలో నిలబడి ఉంది.

"కాదు మామయ్యా, చెల్లి రాసింది. నేనే తీసేసా."

"ఎందుకు తీసావు?"

పద్ధతులూ నియమాలూ చెబుదామనుకున్నాను. "బాగుందని తెలీలేదండి" అన్నాను.

ఆయన గుమ్మం వైపు తల తిప్పారు. "మీ అమ్మ నా బడికే వచ్చేదే. కోతలకని రెండో తరగతిలో మానేసింది" అన్నారు. తోడికోడలు నా వంక చూడలేదు. ఆయన మొహంలోకే చూస్తోంది, నేను ఇన్నేళ్ళుగా చూసినట్టే.

"మళ్ళీ చదువమ్మా" అన్నారు నాతో.

మళ్ళీ చదివాను. అసూయ తగ్గిందని అబద్ధం చెప్పను. చదువుతున్నంతసేపూ, ఇది నేను రాసి ఉంటే బాగుండును అనుకుంటూనే ఉన్నాను.