తుంగ అనుకొని పెరికిన వస

ములకలపల్లి దిక్కు మా ఊరి కింద ఒక ఊటకుంట ఉండేది. పేరుకే కుంట, నిండ నీళ్లుండేటియి కావు. నడి ఎండాకాలంల కూడా అడుగేస్తే పిక్కల దాక దిగబడేది. నేను కాపురానికొచ్చిన కొత్తల ఆ బురదల వస గుబురుగ పెరిగేది. ఊళ్లె ఎవరింట్ల పిల్ల పుట్టినా అక్కడికి పోయి ఒక కొమ్ము తెచ్చుడు, సానరాయి మీద అరగదీసి, మాట తొందరగ రావాలని పిల్ల నాలుకకు రాసుడు. తర్వాత పై చెలకలల్ల కాయితం మిల్లుకని జామాయిల్ చెట్లు పెట్టిండ్రు. మేమూ పెట్టినం, అబద్ధమెందుకు. వాటి వేర్లు నీళ్లు గుంజి కొన్నేండ్లకు ఊట సన్నబడ్డది. తూటికాడ కలుపు కుంటంత కమ్మింది. వస కనపడకుండ పోయింది.

మా ఆడబిడ్డ కాన్పుకొచ్చినప్పుడు కొమ్ము కోసం బజారుకు మనిషిని పంపితే పురుగు తిన్న ముక్క తెచ్చిండు. మా అత్త దాన్ని ఇరిచి చూసి బయట పారేసింది. "మన కుంటను మనమే ఎండబెట్టుకున్నం" అన్నది. తెల్లారి మా మామతోని ఊట పక్కనున్న జామాయిల్ చెట్లు మొదళ్లతో సహా తీయించింది. ఆడోళ్లం పదిమందిమి పొలం పనైనంక దిగి తూటికాడ పెరుకుతుంటే మొగోళ్లు గట్టు మీద నిలబడి, "కుంట కడిగి ముగ్గేస్తరా ఏంది?" అని నవ్వేటోళ్లు.

"ఏస్తం. పిండి నువ్వు తే" అనేది మా అత్త.

రెండు వానకాలాలకు బురద మళ్లొచ్చింది. మొక్క ఏది మరి? వాగు అవతలి గూడెంల ఒక ముసలమ్మ ఉండేది. మా ఊరి పిల్లలల్ల సగం మంది ఆమె చేతుల్లనే పడ్డరు. ఆమె అడవి లోపటికి పోయి, వేలి కణుపంత వస దుంపలు ఏడింటిని మోదుగాకుల చుట్టి తెచ్చింది. నా చేతిల పెట్టి, "లోపటి వాగుకు ఇసుక మేటేసింది బిడ్డా. అక్కడ ఇగ లేవు. ఇయి పోతే పోయినట్టే. నెలకొస్త, చూపియ్యి" అన్నది.

నాటిన. నాటిన కాడ గుర్తుకు పుల్లలు గుచ్చమన్నది మా అత్త. "నాటిన చేతికి తెల్వదా అత్తా?" అన్న. ఊళ్లె కలుపు తీసుట్ల నన్ను మించినోళ్లు లేరని నాకు కొంచెం గర్వం ఉండేది.

నెల నిండిన రోజు పొద్దున వరిల కలుపు తీసి, అట్లనే వరుసగ కుంటల దిగినం. వస మొలకల నడుమ తుంగగడ్డి బాగ లేచింది, ముసలమ్మ వచ్చేలోపల తీసేద్దామని. నడుం వంచిన్నంటే నా చెయ్యి చూడకుండనే తుంగ మొదలు పట్టుకుంటది. మాటలు ఒకదిక్కు, చేతులు ఒకదిక్కు. పెరికింది పెరికినట్టు ఎనకకు, గట్టు మీదికి ఇసిరేసుడే. అక్కడ మా అత్త వేర్లు పైకి తిరగేసి ఎండకు పరుస్తున్నది. అట్ల ఎండబెట్టకుంటే తుంగ మళ్ల బతుకుతది.

చెంబెడు నీళ్లు తాగుదామని దోసిలి పట్టిన. చేతికి వస వాసన.

నీళ్లు ఇడిచిపెట్టిన. ఎనకకు చూస్తే నాటిన జాగ నున్నగ ఉన్నది.

"అత్తా, పరచకు. ఆపు."

పోయి నా చెయ్యి మా అత్త ముక్కుకాడ పెట్టిన. అందరం గట్టెక్కి ఒక్కొక్క ఆకు తుంచి వాసన చూసుడు మొదలుపెట్టినం. మొదటిది దొరికింది. రెండోది దొరికింది. ఆ తర్వాత చూసిందల్లా వసనే. మా చేతులకే వాసన పట్టింది. బురదతోని రుద్ది కడుక్కున్నా పోదు. వేరు చూద్దమంటే ప్రతిదానికీ మన్ను ముద్ద. ఎండ మాడుతున్నది, మన్ను గట్టిపడుతున్నది. ఇగ బిందెలతోని నీళ్లు పోసుకుంట, మొదలు మొదలు కడిగి చూసినం. తుంగకు నల్ల గడ్డలు, వసకు కణుపుల దుంప. పొద్దు తిరిగేసరికి ఐదు దొరికినయి. రెండు దొరకలే.

ఒకామె మెల్లగ, "రెండు తుంగ దుబ్బులు నాటి ఊకుందం వదినా. ముసలామెకు చూపు ఆనదు" అన్నది.

"పురుడు పోసిన చేతికి ఆకు తెల్వదా?" అన్నది మా అత్త. అప్పటికే వాగు దాటి ముసలమ్మ వస్తున్నది.

నేను ఎదురు పోయిన. "అవ్వా, నేనే పెరికిన. తుంగ అనుకున్న."

ఆమె నా చెయ్యి పట్టుకొని వాసన చూసింది. వాళ్ల గూడెం భాషల తనలో తాను ఏదో అనుకున్నది. తర్వాత, "ఎన్ని దొరికినయి?" అన్నది.

"ఐదు."

కొడవలి అడిగింది. ఐదింటి ఆకులు రెండు వేళ్లంత ఉంచి కోసేసింది. "ఆకు ఉంటే ఉన్న తడంత అదే తాగుతది" అని, బురదల నిలువుగ గుచ్చకుండ పండబెట్టి, పైన పలచగ మన్ను కప్పింది. లేచి నా దిక్కు చూసి, "నేనొచ్చేదాక నువ్వు ఈ గట్టు దిగకు" అన్నది.

దిగలే. రోజూ పొద్దున గట్టు మీద కూసొని చూసేదాన్ని. బురద బురదగనే ఉండేది. మా అత్త దిగి పుల్లలు గుచ్చి, తుంగ ఒక్కొక్కటి వాసన చూసి తీసేది. ఇరవై రోజులైనంక నాలుగు పుల్లల దగ్గర సూది మొనలంత పచ్చగ లేచింది. ఐదోది కుళ్లింది.

పై ఏటి వానలకు ఆ నాలుగూ దుబ్బులు కట్టినయి. ముసలమ్మ కట్టె పట్టుకొని వచ్చి, బురదల నిలబడి ఒక్కొక్కదాన్నీ కాలివేలితోని తడిమి చూసింది. "ఒకటి నాకియ్యి. లోపటి గుట్ట కింద ఇంకో ఊట చూసిన" అన్నది.

"తీసుకో అవ్వా."

"నువ్వే పెరుకు."

వంగి మొదలు పట్టుకున్న. ఎన్ని వేల దుబ్బులు పెరికిన చెయ్యో అది. పెరుకుదామంటే చెయ్యి రాలే. మా అత్త గట్టు మీద నుంచి, "చూసుకుంట పెరుకు, వస్తది" అన్నది.