అత్త నీళ్లు పోసిన నాడు

మనవలు పుట్టిన తర్వాత గాని నాకు అక్షరాలు రాలేదు. నోటితో చెబుదామంటే ఇది ఆడవాళ్ల మధ్యనైనా చెప్పుకునే సంగతి కాదు. అందుకే ఇన్నేళ్లూ నాలోనే ఉండిపోయింది.

అవి బోధన్ దగ్గర మా ఊళ్లో చెరుకు గానుగలు ఆడుతున్న రోజులు. మా చెల్లెలి పురుటికి జక్రాన్‌పల్లి పోయి రెండు రోజులకు తిరిగి వచ్చాను. నాలుగేళ్ల నా కొడుకు కాళ్లు ఎడంగా పెట్టి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కూడా కదల్లేదు. గోచి విప్పితే లోపల పసుపు, వేపాకు నూరి కట్టిన గుడ్డ. అది తీసి చూస్తే అంగం కొన ఉబ్బి నీలంగా ఉంది. దాని వెనక తోలు దారం చుట్టినట్టు బిగుసుకుపోయింది.

నీళ్లు పోసేటప్పుడు శుభ్రం చేయాలని మా అత్త తోలు వెనక్కి లాగింది. మళ్లీ ముందుకు జరపలేదు. వాపు చూసి చీమ కుట్టిందనుకుని, అది దిగాలని గుడ్డ గట్టిగా బిగించింది.

దవాఖానకు పోదామంటే నా భర్త బండి కట్టలేదు.

"ఆడ కోస్తరు. కోస్తే సున్తీ చేయించిండంటరు కులపోల్లు. రేపు వీనికి పిల్లనెవడిస్తడు?"

"ఉచ్చ వస్తలేదు పోరనికి. ముందుగాల గది సూడు" అన్నాను.

మూల కూర్చుని ఏడుస్తున్న అత్తే లేచి కొడుకును తిట్టింది. "పోరడు బతికితే గద పిల్లను తెచ్చేది. ఎడ్లను కట్టు."

బోధన్ దవాఖానలో డాక్టరు చన్నీటి గుడ్డ చుట్టి, వాపును పిడికిట్లో పట్టి చాలాసేపు మెల్లగా ఒత్తాడు. తర్వాత బొటనవేళ్లతో కొనను లోపలికి నెడుతూ తోలును ముందుకు లాగాడు. రాలేదు. వాపు మొదలైన పూటే తెస్తే చేత్తోనే సరిపోయేదని, ఇప్పుడు బిగువు కోయక తప్పదని డాక్టరు ఉర్దూలో అంటే, కాంపౌండరు మాకు తెలుగులో చెప్పాడు. నా భర్త తల వంచుకుని బయటికి పోయాడు.

"కొయ్యుండ్రి సాబ్" అన్నాను. కొడుకు చేతులు నేనే పట్టుకున్నాను.

కోసిన తర్వాత ఉచ్చ వచ్చింది. వాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. కొన మాత్రం అప్పటికే నల్లబడింది. అక్కడి కండ బతికి ఉందో లేదో తెల్లవారితే గాని తెలియదన్నారు.

మరునాడు పొద్దున కాంపౌండరు కట్టు విప్పాడు. నలుపు అలాగే ఉంది. డాక్టరు వంగి చూసి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. నా కొడుకు తల ఎత్తి చూసుకోబోయాడు. నేను వాడి కళ్లకు అరచేయి అడ్డం పెట్టాను.