పడుగు రాళ్లు

పెద్దులు ఇల్లు వరంగల్ కొత్తవాడలో, పోచమ్మ మైదాన్ వైపు నుంచి లోపలికి తిరిగే ఒక చిన్న వీధిలో ఉంది. ముందుగదిలో గుంట మగ్గం. ఇంటి నేల వీధికన్నా బాగా పల్లం. గుంటలో కాళ్లు దించి కూర్చుంటే వీధి నేల అతని కళ్ల ఎత్తున ఉంటుంది. ముఖాలు కనిపించవు. పాదాలు కనిపిస్తాయి. ఎవరు వస్తున్నారో నడకను బట్టి చెప్పేవాడు.

ఇప్పుడు టైర్లు కనిపిస్తాయి.

వీధికి రెండు చివర్లా, సరిగ్గా నడిమధ్యన, ఒక్కొక్క రాయి ఉండేది. నడుమెత్తు నల్లరాయి. పడుగు రాళ్లు అనేవారు. తెల్లవారగానే, వంతు వచ్చిన ఇంటివాళ్లు తమ పడుగును, అంటే బట్టకు నిలువున పడే నూలును, ఆ రాయి నుంచి ఈ రాయి దాకా తాళ్లతో లాగి కట్టేవారు. గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, ఎండ ముదరకముందే చుట్టేసేవారు. తాళ్ల రాపిడికి రాళ్ల మెడ చుట్టూ గాడి పడింది. పెద్దులు పుట్టేసరికే ఆ గాడి ఉంది.

రాళ్ల పక్కనుంచి సైకిలు వచ్చేది, స్కూటరు వచ్చేది. పడుగు ఉన్నంతసేపు వాటిమీది వాళ్లు దిగి, గోడ పక్కగా నడిపించుకుపోయేవారు. ఆటో పట్టేది కాదు. కారు గురించి ఎవరూ ఆలోచించలేదు.

వీధికి ఒక పద్ధతి ఉండేది. పడుగులో పోగు తెగితే అది ఎవరి పడుగని చూడరు. దగ్గరున్నవాళ్లు కూర్చుని ముడి వేస్తారు. మాటలు మానుకున్న ఇళ్లవాళ్లు కూడా వచ్చి, మాట్లాడకుండానే ముడి వేసి వెళ్లిపోతారు.

పెద్దులు భార్య విమలమ్మ. ఆమె తమ్ముడు వెంకట్రాజం. తల్లి పోయాక, చిన్నవాడుగా ఉన్నప్పుడే అక్క వెంట ఈ ఇంటికి వచ్చాడు. పెద్దులు పక్కన ఇదే గుంటలో కూర్చుని పని నేర్చుకున్నాడు. చేతికి పని రాలేదు, నోటికి మాట వచ్చింది. పెళ్లిళ్లలో, పంచాయితీల్లో ముందు నిలబడేవాడు. వీధి సంఘానికి అతన్ని అధ్యక్షుణ్ని చేద్దామని పెద్దులే అన్నాడు. పెద్దులు తక్కువ మాట్లాడతాడు. అందుకే వీధి అతని మాట వినేది.

రాఖీ పున్నానికి విమలమ్మ తమ్ముడికి దుకాణం రాఖీ కట్టదు. ఆ నెల వేసిన పడుగు కొసల్లో మిగిలిన నూలును పేని, పసుపు రాసి కడుతుంది. నేసేవాళ్ల ఇళ్లలో అది నూలు పున్నమి. కారు కొన్నాక కూడా వెంకట్రాజం చేతికి ఆ నూలే ఉండేది. అడిగినవాళ్లకు చూపించేవాడు.

పోయిన వానాకాలంలో ఒకరోజు ఎదురింటి రాయమల్లు భార్య సోమక్క వాకిలి ఊడుస్తూ కూలబడింది. చీపురు చేతిలోనే ఉంది. అంబులెన్సును పిలిచారు. పెద్దరోడ్డు మీద ఒక పక్క సామాను దించే ట్రాలీలు, ఇంకో పక్క మనుషుల కోసం ఆగిన ఆటోలు, నడుమ ఒక పెళ్లి బారాత్. సైరన్ వినిపిస్తూనే ఉంది. దగ్గరికి రాలేదు. చివరికి వచ్చి, పడుగు రాయి దగ్గర ఆగిపోయింది. సోమక్కను మంచం మీద మోసుకుపోయారు. ముందు కోడు పెద్దులు పట్టుకున్నాడు. రాయి పక్కనుంచి మంచాన్ని ఒరగబెట్టి తీయవలసి వచ్చింది. దవాఖానకు చేరేసరికి ఆమె ప్రాణం పోయింది.

ఆ తర్వాత పెద్దులు రాయికి తాడు కట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేవాడు.

దినాలు అయ్యాక వెంకట్రాజం వచ్చాడు. అక్క ఇచ్చిన చాయ తాగుతూ మాట మొదలుపెట్టాడు.

"బావా, పెద్దరోడ్డు ఎందుకు జామ్ అయితాంది? పోయేటోళ్లకు ఇంకో తొవ్వ లేక. మన వీధి తెరిస్తే సగం బండ్లు ఇటు పోతయి. ఒక దిక్కు పోవుడే, ఎదురు రావుడుండది. అంబులెన్సు సీదా వాకిట్లకు వస్తది."

"రాళ్లున్నయి గద."

"తీస్తే పోతయి."

"పడుగు?"

"సంఘం జాగ ఖాళీగనే ఉన్నది. దాంట్ల పొడుగు షెడ్డు ఏపిస్త. వానల కూడ పడుగు ఏసుకోవచ్చు. అందాక పొద్దటి పూట బండ్లు రాకుంట నేను చూసుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు. వీధోళ్లకు నువ్వొక్క మాట చెప్పు. నేను చెప్తే రాజకీయమంటరు."

విమలమ్మ వాకిట్లో నిలబడి వింటోంది. "అప్పుడే తొవ్వుంటే సోమక్క బతుకుతుండె," అంది.

మరుసటి రోజు పెద్దులు గడ్డపార తీసుకుని మొదటి రాయి దగ్గరికి వెళ్లాడు. వీధివాళ్లు గుమికూడారు. సోమక్కలా ఇంకొకరు పోకూడదు, అంబులెన్సుకు తొవ్వ కావాలని పెద్దులు చెప్పాడు. రాయమల్లు ముందుకు వచ్చాడు.

"పెద్దులన్నా, రేపు పడుగు యాడేస్తం?"

"సంఘం జాగల షెడ్డు ఏస్తరు."

"ఎవరన్నరు?"

"రాజం అన్నడు."

"రాజం అన్నడా, నువ్వంటున్నవా?"

పెద్దులు గడ్డపార నేలకు ఆనించాడు. "నేనంటున్న."

రాయమల్లు కూడా గడ్డపార మీద చేయి వేశాడు. రెండు రాళ్లనూ ఇద్దరూ కలిసే పెకలించారు.

మొదట్లో బాగానే ఉంది. పెద్దరోడ్డు మీద హారన్లు తగ్గాయి. వీధిలోంచి బండ్లు ఆగకుండా సాగిపోయేవి. పొద్దటి పూట సంఘం మనిషి ఒకడు వీధి మొదట్లో తాడు అడ్డం కట్టేవాడు. ఒకసారి అంబులెన్సు కూడా ఇటే పోయింది. పెద్దులు మగ్గం ఆపి, అది మలుపు తిరిగేదాకా చూశాడు. రాయమల్లు తన వాకిట్లోంచి అతనివైపు చూసి తల ఊపాడు.

తర్వాత ఫోన్ల మ్యాపుల్లో ఈ వీధి కనపడటం మొదలైంది. హన్మకొండ నుంచి వచ్చేవాళ్లు, కాజీపేట నుంచి వచ్చేవాళ్లు, ఈ వీధి పేరు వినని వాళ్లు కూడా ఇటు తిరిగారు. ఎదురు రాకూడదన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. తాడు కట్టే మనిషి ఒకరోజు రాలేదు. మళ్లీ రాలేదు. పెద్దరోడ్డు మునుపటిలాగే నిండిపోయింది. వీధి కూడా నిండిపోయింది. పడుగులు ఆగాయి. కొందరు చుట్టలు కట్టి అమ్మే తయారు పడుగు కొనుక్కున్నారు. కొందరు మగ్గానికి గుడ్డ కప్పారు.

"షెడ్డు ఎప్పుడన్నా?" అని అడిగేవారు.

"వస్తది," అనేవాడు పెద్దులు.

సంఘం జాగలో మొరం పోస్తున్నారని తెలిసి, షెడ్డుకేనని చెప్పాడు. చెప్పిన తర్వాత చూడటానికి వెళ్లాడు.

నేల చదును చేసి ఉంది. కార్లు నిలబెట్టడానికి సున్నంతో గీతలు గీశారు. వెనక కొత్త ఫంక్షన్ హాలు. లోపలికి పోయే దారికి రెండు పక్కలా రెండు రాళ్లు పాతి, పసుపూ నలుపూ రంగు వేశారు. నడుమ ఇనుప గొలుసు. గొలుసు జారకుండా రాళ్ల మెడ గాడిలో కూర్చుంది.

పెద్దులు ఆ గాడిలో వేలు పెట్టి చూశాడు. రంగు ఇంకా ఆరలేదు.

వెంకట్రాజం హాల్లోంచి వచ్చాడు. "రా బావా, చాయ తాగుదువు."

"షెడ్డేది?"

"జర నా మాటిను. రోడ్డు మీద బండ్లు ఎందుకు ఆగుతాన్నయి? పెట్టుకునే జాగ లేక. పార్కింగు ఉంటే జామ్ ఉండది. ఇది గూడ ట్రాఫిక్ కోసమే."

"హాలెవరిది?"

"దోస్తులం కలిసి కట్టినం. సంఘానికి కిరాయి వస్తది. ఉత్తగ ఏం తీసుకుంటలేం."

"వీధికి నేను మాటిచ్చిన, రాజం."

"నువ్విచ్చినవు బావా. నేను నీకు చెప్పిన, అంతే. నేనెవ్వరికి మాటియ్యలే." వెంకట్రాజం గొంతు మెత్తగానే ఉంది. "అయినా ఇయ్యాల రేపు ఎవరు గుంజుతాన్నరు పడుగు? చుట్ట కొనుక్కో. నేను పంపిస్త."

పెద్దులు చాయ తాగలేదు. వీధిలోకి తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. అప్పటికే చూసి వచ్చారు.

కొన్నాళ్లకు పెద్దులు తన పడుగు తెచ్చి, పొద్దు పొడవకముందే వీధిలో పరిచాడు. ఒక కొస కరెంటు స్తంభానికి కట్టాడు, ఇంకో కొస తన దర్వాజకు. విమలమ్మ గంజి పట్టిస్తోంది. అతను కుంచె పట్టుకున్నాడు. సగం కూడా కాలేదు, మలుపులోంచి ఒక కారు వచ్చింది. నడిపేవాడు ఫోను చూస్తున్నాడు. ఆపేసరికి నూలు బంపరుకు చుట్టుకుని తెగింది.

అతను దిగి వచ్చాడు. "రోడ్డు మీద గిదేంది తాతా? మ్యాపుల గిటే చూపెడ్తాంది."

నూలు తీసుకోవడానికి పెద్దులు వంగాడు. కారు వెనక్కి పోయింది. తెగిన పోగులు నేల మీద గంజితో అంటుకుని ఉన్నాయి. అప్పటికి తలుపులు తెరుచుకున్నాయి. వీధివాళ్లు వాకిళ్లలోకి వచ్చారు. నిలబడి చూశారు.

ఎవరూ కూర్చోలేదు.

విమలమ్మ ఒక పోగు వెతికి ముడి వేసింది. ఇంకొకటి వేసింది. తల ఎత్తి చుట్టూ చూసింది.

రాయమల్లు మెల్లగా అన్నాడు. "నా భార్య పేరు చెప్పి రాళ్లు పీకించినవ్ పెద్దులన్నా. ఆమె సావు మీద మీ బామ్మర్ది బండ్లు పెట్టుకుంటాండు. నీకు ఎరుక లేదంటవా?"

"లేదు."

"నేనెట్ల నమ్మాలె?"

పెద్దులూ ఒకరి మాట నమ్మాడు. ఆ సంగతి ఇక్కడ చెప్పడానికి పనికిరాలేదు. నూలు ఉండలుగా చుట్టి లోపలికి తీసుకుపోయాడు.

రాఖీ పున్నం వచ్చింది. తోబుట్టువుల ఇళ్లకు పోయేవాళ్లతో ఊరంతా రోడ్ల మీదే ఉంది. మిఠాయి దుకాణాల ముందు బండ్లు. పెద్దరోడ్డు కదలడం లేదు. వీధి కూడా కదలడం లేదు. వెంకట్రాజం కారును వీధి మొదట్లో వదిలి, బండ్ల సందుల్లోంచి పక్కగా నడుచుకుంటూ వచ్చాడు. తెల్లచొక్కాకు ఎవరిదో సైలెన్సరు మసి అంటింది.

పెద్దులు ఖాళీ మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. వెంకట్రాజం పీట మీద కూర్చుని చేయి చాచాడు.

"కట్టక్కా. జల్ది పోవాలె. హాల్ల ఫంక్షనుంది."

విమలమ్మ అతని చేతిని చూసింది. "నూలేదిరా? పడుగే పడకపాయె."

వెంకట్రాజం నవ్వాడు. జేబులోంచి ఒక కవరు తీశాడు. "నువ్వు గిట్ల అంటవని ఎరుకే. దుకాణంల తెచ్చిన. గిది కట్టు."

"దుకాణపామెతోనే కట్టించుకోకపోతివి."

"బావ మీద కోపం నా మీద తీస్తవా?"

"మీ బావ మీద నాకేం కోపంరా?" ఆమె గొంతు పెంచలేదు. ఎదురు వాకిట్లో రాయమల్లు నిలబడి ఉన్నాడని ఆమెకు తెలుసు. గొంతు తగ్గించనూ లేదు. "వీధోళ్లందరి మగ్గాల మీద గుడ్డ కప్పించినవ్. ఆయన మాట తీసుకపొయి నీ దర్వాజ ముంగట పాతుకున్నవ్. బువ్వ తింటవా, పెడ్త. నూలు మాత్రం లేదు."

బయట హారన్లు ఒకటి మీద ఒకటి లేచాయి. వీధి మొదట్లో ఎవరో అరుస్తున్నారు. "ఎవడ్రా గీ తెల్లకారు అడ్డం పెట్టింది? ఎవని కారు?"

వెంకట్రాజం లేచాడు. కవరు జేబులో పెట్టుకున్నాడు. అక్క కాళ్లకు మొక్కడానికి సగం వంగి, ఆగి, చెప్పులు తొడుక్కున్నాడు.

రాయమల్లు వాకిట్లో నిలబడి అంతా చూశాడు. పెద్దులు వైపు చూశాడు. లోపలికి పోయాడు. తలుపు మాత్రం వేయలేదు.

గుంటలోంచి పెద్దులుకు వీధి కనిపిస్తోంది. టైర్ల మధ్య రెండు పాదాలు. ఎడమ పాదం కొంచెం బయటికి పడుతుంది. చిన్నప్పుడు ఇదే గుంటలో, తన కాళ్ల పక్కన, ఆ పాదం మగ్గం తొక్కుడుకర్రకు అందక వేలాడేది. అది ఒక ఆటో వెనక్కి పోయింది. మళ్లీ కనిపించింది. ఆ తర్వాత టైర్లే కనిపించాయి.