మూడు సౌండ్ పెట్టెల నుండి నాకు కలిగిన విడుదల

ముందుగా ఒక చిన్న ఫిర్యాదు. జంగ్లీఘాట్‌లోని మన మందిరంలో వెనక బెంచీ మీది ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది, కమిటీవారు గమనించగలరు. అది నాలుగేళ్లుగా అలాగే అంటోందట. ఇన్నాళ్లూ ఎవరికీ వినబడకపోవడానికి కారకుణ్ణి నేనే, ఆ సంగతి చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సహోదరులారా, సహోదరీలారా! కొందరిని ప్రభువు సారా నుండి విడిపించాడు, కొందరిని పేకాట నుండి విడిపించాడు, నన్ను సౌండ్ మాడ్యూళ్ల నుండి విడిపించాడు. నవ్వకండి, సారా తాగినవాడు కనీసం ఒక్కడే తాగుతాడు, నా వ్యసనం మాత్రం సంఘమంతా భరించింది!

మద్రాసు నుండి ఓడలో వచ్చిన మన మిడి ఆర్గన్ కీబోర్డు మీరంతా చూసిందే: చేతులకు రెండు వరుసల మెట్లు, కాళ్లకు కింద చెక్క పలకలు. దానికి సొంత గొంతు లేదు. నొక్కితే ఫలానా స్వరం, ఇంత గట్టిగా అని తీగలో కబురు పంపుతుంది, పక్కనున్న మాడ్యూల్ అనే పెట్టె ఆ కబురు అందుకుని పాడుతుంది. మన మందిరానికి ఒక్క పెట్టె చాలు. నేను బి.ఎస్సీ. చదివినవాణ్ణి గనుక మూడు తగిలించాను. చాతం రంపపు మిల్లులో ముప్పై ఏళ్లు చేసి వచ్చిన పెద్దలు కూడా చెవుల్లో దూది పెట్టుకుంటుంటే చలికేమో అనుకున్నాను, పోర్ట్ బ్లెయిర్‌లో, మే నెలలో.

శ్రీకాకుళం నుండి వచ్చిన తొలి కుటుంబాలతో ఓడ దిగి, ఏ వాయిద్యమూ లేని రోజుల నుండి ఈ సంఘంలో పాట ఎత్తుకున్నది మా పెద్దమ్మ సువార్తమ్మ. నా మూడో పెట్టె రాగానే ఆమె పాడటం మానేసి ఆ ఫ్యాను కిందికి వెళ్లి కూర్చుంది. మోకాళ్ల నొప్పి కాబోలనుకున్నాను.

అంతలో మా పెదనాన్న ప్రభువు నందు నిద్రించాడు. ఆదరణ కూటానికి ముందురోజు పెద్దమ్మ నన్ను పిలిచి, "రేపు మీ పెదనాన్నకి ఇష్టమైన పాట నేనే పాడాలి నాయనా, మళ్లీ ఆయన కోసం పాడేది ఉండదు, నా గొంతు నాకు వినబడేలా వాయించు, అంతే" అంది. సరేనన్నాను, మందిరానికెళ్లి మూడు పెట్టెలూ సిద్ధం చేశాను. ప్రేమతోనే చేశాను, అదే భయంకరం!

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. మిడిలో కబుర్లు వెళ్లే దారుల్లో పదో నంబరుది మామూలుగా డ్రమ్ములకే; పుస్తకం చదివితే తెలిసేది, చదువుకున్నవాణ్ణి గనుక చదవలేదు. కాళ్ల పలకలను ఆ దారిలోనే పెట్టి, అక్కడ ఆర్గన్ బేస్ పలికేలా పెట్టెను నేనే మార్చుకున్నాను. ఉప్పుగాలికి దాని లోపలి బ్యాటరీ చచ్చింది, కరెంటు పోతే నేను చెప్పినవన్నీ మరచిపోతుంది. పాస్టరు అయ్యగారు ప్రార్థనలో ఉండగా కరెంటు పోయింది, వచ్చింది. వెనక నుండి ఎవరో "లైట్ ఆ గయా భయ్యా, బజావ్!" అని వాయించమన్నారు. పెద్దమ్మ లేచి నిలబడింది, కళ్లు తుడుచుకుంది, నేను భక్తితో పలక తొక్కాను.

ధబ్! తర్వాతి పలకకు తాళాలు, ఆ తర్వాతి దానికి ఆవు మెడలో గంట! గాభరాలో రెండు కాళ్లూ వేశాను, ఊరేగింపే బయలుదేరింది. మరణించినవాని కుటుంబం ఎదుట! అప్పుడు నా జీవితంలో మొదటిసారి నిజంగా ప్రార్థించాను: "ప్రభువా, ముందు ఈ పెట్టెల నోరు మూయించుము, నా సంగతి తరువాత చూచుకొందువు గాక!" మూడింటికీ కలిపి ఉన్న స్విచ్చి ఎక్కడుందో ప్రభువే చూపించాడు, నొక్కేశాను.

నిశ్శబ్దం. ఫ్యాను కిర్రుమంది. అప్పుడు పెద్దమ్మ పాట ఎత్తుకుంది సహోదరులారా, సన్నగా, వణుకుతూ, రెండో చరణానికి నిలకడగా, నాలుగేళ్లుగా నేను పూడ్చిపెట్టిన గొంతు! సంఘమంతా అందుకుంది. సిగ్గుతో లేవలేక నేను మూగ కీబోర్డు మీదే పాటంతా వాయిస్తూ ఏడ్చాను. కూటం అయ్యాక బయట ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ అదరగొట్టావు భయ్యా" అన్నాడు. దేవునికే మహిమ!

ఇప్పుడు ఒక్క పెట్టే ఉంది, అదీ సన్నగా. ప్రియులారా, మనమూ సొంత గొంతు లేని కీబోర్డులమే, ఆయనకు కలిపిన తీగ ఒక్కటి చాలు, మిగతావి పీకేయడానికి భయపడకండి, నా వల్ల అయితే మీ వల్ల తప్పక అవుతుంది. పెద్దమ్మ మళ్లీ పాట ఎత్తుతోంది, కానీ కూర్చోవడం వెనక బెంచీలోనే. మొన్న వెళ్లి, "ఆ ఫ్యాను గోల తగ్గేలా బాగుచేయిస్తాను పెద్దమ్మా" అన్నాను.

"దాన్ని ముట్టుకోకురా. నీకన్నా అదే శ్రుతిలో ఉంది."