ఆర్డిస్ అత్త రాసిన మా నాన్న

ఆర్డిస్ టోలెఫ్‌సన్ మా స్టెన్స్‌రుడ్ బడిలో ముప్పయ్యేళ్లు వంట చేసింది. నేనూ ఆవిడ చేతి తిండి తిని పెరిగినదాన్నే, అందుకే ఇప్పటికీ అత్తా అనే పిలుస్తాను. మొగుడు పోయి, బడి ఉద్యోగం అయిపోయాక ఓ రోజు మా వారపత్రిక ఆఫీసుకొచ్చి, బల్ల మీద పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు పెట్టి, "ఏదైనా పని చెప్పవే జొలీన్. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేకపోతున్నా" అంది.

అమెరికాలో, నార్త్ డకోటా రాష్ట్రంలో తొమ్మిది వందల మంది ఉండే ఊరు మాది. ఆ పత్రికకు సంపాదకురాలిని నేనే, ఫోటోలు తీసేది నేనే, ప్రకటనల కోసం కాళ్లరిగేలా తిరిగేదీ నేనే. చనిపోయినవాళ్ల గురించి రాసే పని అత్తకిచ్చి ఊపిరి పీల్చుకున్నాను.

ఏడేళ్లలో నూట నలభై మంది గురించి రాసింది. ఎవరైనా పోతే, అంత్యక్రియలైన వారానికి ఆ ఇంటికి కేకు పట్టుకెళ్లి, వంటింట్లో కూర్చుని నోట్‌బుక్ తెరిచేది. బుధవారం 'మన మనుషులు' పేరుతో అరపేజీ వచ్చేది. పుట్టడం, బాప్తిస్మం, సైన్యం, పెళ్లి, పొలం, అన్నీ ఉండేవి. వాటి మధ్యలో ఒకే ఒక్క ముక్క ఉండేది, ఆ పోయిన మనిషిని కళ్ల ముందుకు తెచ్చేసేది. ఊరంతా ముందు ఆ పేజీయే తిప్పేవాళ్లు. రాష్ట్ర పత్రికల సంఘం ఆవిడకు బహుమతి కూడా ఇచ్చింది. ఆ ఫలకం నా కుర్చీ వెనకాలే వేలాడదీశాను, నా బుద్ధి తగలెయ్య.

నాలుగేళ్ల కిందట మా నాన్న ఆర్విల్ పోయినప్పుడూ ఆవిడే రాసింది. "రోజూ రాత్రి భోజనాలయ్యాక పెరటి తలుపు తీసి నిలబడేవాడు ఆర్విల్. దూరంగా పొరుగు పొలాల ఇళ్లలో దీపాలు ఒక్కొక్కటే లెక్కపెట్టి, 'అందరూ ఇల్లు చేరారు' అని తలుపు వేసేవాడు." అది చదివి నేను కుళ్లికుళ్లి ఏడ్చాను. ఆ మూడు మాటలూ సమాధి రాయి మీద చెక్కించాం. నిజం చెప్పొద్దూ, కొన్నాళ్లకు నాకా దృశ్యం గుర్తు రావడం మొదలైంది. లోపలికొచ్చే చలిగాలి, నాన్న వీపు, ఎర్ర గళ్ల చొక్కా, అన్నీ.

అమ్మ మాత్రం దాని గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏం అడిగినా "నాకు సరిగ్గా గుర్తుండదులే, మీ అన్నయ్యనడుగు" అనేది. కారు నడపడం మానేసింది. చర్చి పాటల బృందం నుంచీ తప్పుకుంది. ముసలితనం అనుకున్నాం.

మొన్న వసంతంలో పాత సంచికలన్నీ ఇంటర్నెట్లో పెట్టాం. అక్టోబరులో కెనడాలోని నోవా స్కోషియా నుంచి మర్నా బూటిలియర్ అనే ఆవిడ మెయిల్ రాసింది. "మా నాన్న పోయి ఎనిమిదేళ్లయింది. ఆయన గురించి అప్పట్లో నేను రాసింది అంత్యక్రియలు జరిపించిన సంస్థ సైటులో ఉంది. ఏటా ఆయన పోయిన ఈ రోజున, ఆయన రోజూ అనే మాట కంప్యూటర్లో కొట్టి, అది తీసి చదువుకుంటాను. ఈసారి మీ పత్రిక కూడా వచ్చింది. అందులో మా నాన్న ఉన్నాడు, పేరు మాత్రం వేరే ఎవరిదో."

కింద ఇచ్చిన లింకు తెరిచాను. ఆయన సముద్రంలో చేపలు పట్టేవాడట. రాత్రి భోజనాలయ్యాక తలుపు తీసి, రేవుకు తిరిగొచ్చిన పడవల దీపాలు లెక్కపెట్టి, అదే మాట అని తలుపు వేసేవాడట. అత్త పడవలు తీసేసి ఇళ్లు పెట్టింది. మిగతాదంతా కామాలతో సహా దిగిపోయింది.

ముందు అబద్ధమేమో అనుకున్నాను, ఆవిడే మా దగ్గర కొట్టేసిందేమో అనుకున్నాను. తేదీలు చూస్తే ఆవిడది మాదానికంటే నాలుగేళ్లు ముందుంది. ఆఫీసు తలుపు గడియ పెట్టుకుని, అత్త రాసినవన్నీ ముందరేసుకుని, ఒక్కో వాక్యం అలాగే కంప్యూటర్లో కొట్టి వెతకడం మొదలుపెట్టాను. కుక్క ఒంటరిగా ఉంటుందని రేడియో పెట్టి వెళ్లే బ్రెకీ గారి భార్య, తూర్పు తీరాన మెయిన్ అనే రాష్ట్రంలో ఓ చిన్న పత్రికలో దొరికింది. జేబునిండా పిప్పరమెంట్లు పెట్టుకు తిరిగే మా పోస్ట్‌మన్ వర్నన్ స్కార్, కెనడాలోని ఒంటారియోలో ఓ చర్చి పత్రికలో దొరికాడు. నలభై చూసేసరికి పంతొమ్మిది తేలాయి. ఇక అక్కడితో ఆపేశాను.

పరుగున అత్త ఇంటికెళ్లాను. మర్నా రాసింది కాగితం మీద అచ్చు తీసి బల్ల మీద పెట్టాను. చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"కాఫీ తాగుతావా?" అంది.

"కాఫీ సంగతి తర్వాత. ఇది దొంగతనం అత్తా. నిన్ను నమ్మి ఊరి శవాలన్నీ నీ చేతిలో పెట్టాను. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోను?"

ఆవిడ లేచి వెళ్లి ఓ పాత నోట్‌బుక్ తెచ్చి, మా నాన్న పేజీ తీసి నా ముందు పెట్టింది. పైన మా నాన్న పేరు, తేదీ. కింద మూడు ముక్కలు: మంచివాడు. కష్టపడేవాడు. ఎప్పుడూ దేనికీ సణగలేదు.

"మీ వంటింట్లో ఆరుగురు కూర్చున్నారు. నువ్వూ ఉన్నావు. ముప్పావు గంట అడిగాను. ఇంకేమైనా చెప్పండే అని బతిమాలాను. మీ నోళ్లలోంచి రాలిన ముత్యాలివి" అంది. తర్వాతి పేజీలు తిప్పింది. మంచివాడు. మంచిది. కష్టపడేది. "నూట నలభై మందికీ ఇదే రాయమంటావా?"

"రాయాల్సిందే. లేకపోతే రాయలేనని నాకు చెప్పాల్సింది."

"నీకా? మా నాన్న గురించి ఎంత బాగా రాశావత్తా అని నన్ను పట్టుకుని ఏడ్చావు. ఆ రోజు చెబుదామనే వచ్చాను."

ఒళ్లు మండిపోయింది నాకు. కానీ ఆ పేజీలోంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. ఆ రోజు నేనేం చెప్పానా అని ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. కేకు తిన్నట్టు మాత్రం గుర్తుంది.

ఇక రాయొద్దన్నాను. సరేనంది. నోట్‌బుక్కులన్నీ సంచిలో వేసి నా చేతికిచ్చి, కేకు కూడా కట్టి ఇవ్వబోయింది. నేను తీసుకోలేదు.

మర్నాడు ఆ పంతొమ్మిది ఇళ్లకూ ఫోన్ చేశాను. బుధవారం మొదటి పేజీలో క్షమాపణ వెయ్యాలి, ముందు వాళ్లకు చెప్పాలి కదా. ఒక్కళ్లు కూడా తిట్టలేదు, అదీ మా ఊరు. బ్రెకీ గారు, "రేడియో ముక్క మా అమ్మాయి చెప్పిందనుకున్నాను" అన్నాడు. వాళ్లమ్మాయేమో తమ్ముడు చెప్పాడనుకుందట. పోస్ట్‌మన్ ఇంట్లోనూ అదే వరస. మంచిగా రాసిన మనిషిని పట్టుకుని ఇది తప్పు అనడం మర్యాద కాదని అందరూ నోరు మూసుకున్నారు. మా అన్నయ్య డారెల్‌కి చేస్తే, "దీపాల సంగతి నువ్వు చెప్పావనుకున్నానే" అన్నాడు. నేను వాడు చెప్పాడనుకున్నాను.

అమ్మకు ఫోన్లో చెప్పలేకపోయాను. వెళ్లేసరికి గిన్నెలు తోముతోంది. అంతా చెప్పాను, సమాధి రాయి సంగతితో సహా. నీళ్లు కట్టేసి, చేతులు తడిగానే నా వైపు తిరిగింది.

"అయితే ఆ తలుపు దగ్గర నిలబడింది మీ నాన్న కాదా?"

"కాదమ్మా."

"ఆ వేళకు ఆయన ఇక్కడుండేవాడు" అని తన కుడిపక్కన ఖాళీ చూపించింది. "నేను తోమితే ఆయన తుడిచేవాడు. నలభై తొమ్మిదేళ్లు, రోజూ. నాకలాగే గుర్తు. కానీ పత్రికలో ఇంకోలా పడింది. వేసింది నువ్వు. పిల్లలందరికీ తెలిసిన సంగతి నాకొక్కదానికే గుర్తు లేదంటే నాకు మతి పోతోందనుకున్నాను. నీకు చెప్పకుండా ఫార్గో పట్నం వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాను. ఆయనేమో ఏమీ లేదన్నాడు. నేను నమ్మలేదు."

నాలుగేళ్లు. కారు తాళాలు డారెల్‌కి ఇచ్చేసిన మనిషి. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నాకు గుర్తున్నదే నిజమా అయితే?" అని మళ్లీ అడిగింది.

"నీకు గుర్తున్నదే నిజం అమ్మా."

బుధవారం మొదటి పేజీలో పంతొమ్మిది మంది పేర్లూ వేశాను, మర్నా నాన్న పేరూ వేశాను, బహుమతి వెనక్కిచ్చేశామని వేశాను. మా నాన్న పేరు దగ్గర ఇలా రాశాను: ఆర్విల్ హౌగె తలుపు దగ్గర నిలబడి దీపాలు లెక్కపెట్టేవాడు కాదు. ఆ వేళకు భార్య పక్కన నిలబడి గిన్నెలు తుడిచేవాడు. ఈ సంగతి చెప్పింది ఆయన భార్య లవాన్.