కంకిపాడు పిల్ల కమాను

నా చిన్నప్పుడు మా ఇంటి మేడ మీద పది ఫిడేళ్లకు కలిపి ఒకటే రోజిన్ బిళ్ళ ఉండేది. ఈ సంగతి చెబితే మా మనవరాలు నవ్వుతుంది. దాని వయొలిన్ పెట్టెలో దానికంటూ ఒక బిళ్ళ, అది విరిగిపోతే ఇంకొకటి ఉన్నాయి. ఫిడేలు ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను, రోజిన్ అంటే తేనెరంగులో గాజుముక్కలా ఉండే గట్టి జిగురు. తీగ మీద అడ్డంగా లాగే కమాను వెంట్రుకలకు దాన్ని రుద్దితేనే తీగ పలుకుతుంది. రుద్దని కమానును ఎంత లాగినా ఉస్సుమంటుందే తప్ప స్వరం పుట్టదు. నేను చెప్పబోయేదంతా దీని మీదే నడుస్తుంది కనుక ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీది హాల్లో ప్రతి ఆదివారం ఒక మాస్టారు పిల్లల చేత వాద్యబృందం సాధన చేయించేవారు. పది ఫిడేళ్లు, రెండు వేణువులు, రెండు వీణలు, ఒక మృదంగం, ఒక ఘటం. మొత్తం పదహారుమందిమి. నాకప్పుడు పదకొండేళ్లు. ఆ హాలు మా నాన్నగారు ఉచితంగా ఇచ్చారు. ఈ ముక్క కూడా గుర్తుంచుకుంటే మంచిది.

సాధన మొదలయ్యే ముందు రోజిన్ బిళ్ళ ముందు వరసలో పెద్దబ్బాయి దగ్గర బయలుదేరేది. ఒక్కొక్కరు మూడేసి సార్లు రుద్దుకుని పక్కవాళ్లకు అందించాలి. నాలుగోసారి రుద్దితే "ఏరా, తినేస్తావా ఏంటి?" అని అందరూ విరుచుకుపడేవాళ్లం. అది చేతులు మారుతున్నంతసేపూ కబుర్లు, వెక్కిరింతలు, బడిలో తిన్న దెబ్బల లెక్కలు. నిజం చెప్పాలంటే మాకు సంగీతం కంటే ఆ పది నిమిషాలే ఇష్టం. ఎవరి తీగ తెగినా ఎవరో ఒకరు తమది విప్పి ఇచ్చేవారు. మాది ప్రాణస్నేహమని పదహారుమందిమీ నమ్మేవాళ్లం.

బిళ్ళ రెండో వరస చివరికి వచ్చేసరికి నా చేతికొచ్చేది. నా తర్వాత, గోడ పక్కన, కంకిపాడు నుంచి వచ్చే పిల్ల ఒక్కతే మిగిలేది. మేమంతా ఆమెను కంకిపాడు పిల్ల అనే పిలిచేవాళ్లం. వాళ్లమ్మ అక్కడి ఆస్పత్రిలో నర్సు. వాళ్ల చర్చిలో పాటలకు ఫిడేలు వాయించే ఒక పెద్దాయన దగ్గర ఈ పిల్ల మొదట నేర్చుకుంది. దుప్పటిగుడ్డతో కుట్టిన సంచిలో ఫిడేలు పెట్టుకుని, బందరు రోడ్డు మీద బస్సు పట్టుకుని ఒక్కతే వచ్చేది. ఇంకో సంచిలో జామకాయలు, ఉప్పూకారం పొట్లం ఉండేవి. మేమిద్దరం ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. నా తీగలు శ్రుతి చేసిపెట్టేది కూడా తనే, ఎందుకంటే నాకు చెవి అంత బాగుండేది కాదు. ఆమె అంటే నాకు చాలా ఇష్టం. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఆ ఏడాది జిల్లాలోని పిల్లల బృందాలకు పోటీ పెట్టారు. మేం మోహన రాగంలో ఒక కృతి తయారు చేశాం. అందులో పై గాంధారం మీద అందరం కలిసి నిలబడాల్సిన చోటు ఒకటుంది. అక్కడికి రాగానే మా మూల నుంచి ఒక ఫిడేలు తక్కువ పలికేది. మాస్టారు రెండు వారాలు విన్నారు, మొహం చిట్లించారు, ఎవరినీ ఏమీ అనలేదు. ఆయన పిల్లల్ని కొట్టి ఎరగరు, గొంతు పెంచి ఎరగరు. ఆయనంత మెత్తని మనిషి మా పేటలోనే లేరని మా అమ్మ అంటుండేది. మూడో వారం కంకిపాడు పిల్ల కమాను తీసుకుని, వెంట్రుకలు అరిగిపోయాయమ్మా, కొత్తవి వేయించి తెస్తానని పట్టుకెళ్లారు.

పోటీకి ముందురోజు ఆఖరి సాధన. నేను మంచినీళ్ల బిందె తీసుకుని మెట్లెక్కుతుంటే మాస్టారు నన్ను ఆపారు.

"అమ్మలూ, ఒక్కమాట. ఆ కంకిపాడు పిల్లని తీసేస్తే ఏడుస్తుంది. పాపం, వాళ్లమ్మ పరికిణీ కూడా కుట్టించిందట. ఉండనిద్దాం. కమాను ఉత్తినే ఆడిస్తుంది, చూసేవాళ్లకి తెలీదు. కొత్త వెంట్రుకలకి ఇంకా రోజిన్ తగల్లేదు, నువ్వు బిళ్ళ తనకి అందకుండా చూడు చాలు. నువ్వు చెబితే నమ్ముతుంది."

నేను సరేనండీ అన్నాను. దాచడమెందుకు, గర్వపడ్డాను. పెద్దాయన పదిహేనుమందినీ వదిలేసి నాతో రహస్యం చెప్పారు కదా. పైగా ఆయన చేస్తున్నది దయేనని నమ్మాను కూడా. అంత చిన్నపిల్లవి నీకేం తెలుసని నన్ను ఓదార్చేవాళ్లుంటారు. పదకొండేళ్లకు అన్నీ తెలుస్తాయి.

కంకిపాడు పిల్ల బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. కొత్త వెంట్రుకలు వేసిన కమాను చూసి, చెంపకు రాసుకుని, మాస్టారికి దణ్ణం పెట్టింది. బిళ్ళ ఎప్పట్లాగే ముందు వరసలో బయలుదేరింది, వెక్కిరింతలు నడిచాయి, నా చేతికొచ్చింది. నేను మూడుసార్లు రుద్దుకుని గుప్పిట మూశాను.

"ఇలా ఇవ్వవే. కొత్త వెంట్రుకలు కదా, ఎక్కువ రాయాలి," అని చెయ్యి చాపింది.

"అయిపోయిందే. నా దగ్గరే పొడైపోయింది," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. తర్వాత నా గుప్పిట చూసింది. మా ముందు కూర్చున్న వేణువు అబ్బాయి వెనక్కి తిరిగి చూశాడు, వాడి పక్కవాడూ చూశాడు. ఒక్క నిమిషంలో హాలంతటికీ తెలిసిపోయింది. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. తెగిన తీగకు తమ తీగ విప్పి ఇచ్చిన పిల్లలే వాళ్లంతా. కంకిపాడు పిల్ల చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ఫిడేలు సర్దుకుంది.

సాధన మొదలైంది. మేం కిందికి లాగినప్పుడు ఆమె కమాను కిందికి, పైకి లాగినప్పుడు పైకి, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆడింది. ఆమె తీగల మీద ఉస్సుమనే చప్పుడు పక్కనున్న నాకు ఒక్కదానికే వినిపించింది. పై గాంధారం వచ్చింది, అందరం దాని మీద నిలబడ్డాం. తక్కువ స్వరం అలాగే పలికింది.

అది నాది.

ఇన్నాళ్లూ ఆమె స్వరం పక్కనే సరిగ్గా పలుకుతుండటంతో నా తప్పు నాకు వినిపించలేదు. ఆమె ఫిడేలు మూగబోగానే నా వేలి కింద స్వరం బట్టలు లేనట్టు బయటపడింది. మాస్టారు చేత్తో ఆపమన్నారు. ఆయన చూపు సూటిగా నా మీదికే వచ్చింది. ఒక్క క్షణం అలాగే ఉండి, పక్కకు తప్పుకుంది. "గాంధారం అందరూ కాస్త పైకి పట్టండి," అన్నారు. అందరూ అట. మళ్లీ మొదటి నుంచి వాయించాం.

సాధన అయ్యాక నేను ఆయన దగ్గరికి వెళ్లాను. ఆ మాత్రం చేశాను.

"మాస్టారండీ, తప్పు తనది కాదు కదండీ. బిళ్ళ ఇచ్చేయనా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంతదాకా వచ్చాక ఎందుకులేమ్మా. ఇప్పుడు ఇస్తే, ముందు ఎందుకివ్వలేదని అడుగుతుంది. రేపొక్కరోజే కదా. మీ నాన్నగారు కూడా వస్తున్నారు, నువ్వు జాగ్రత్తగా వాయించు," అన్నారు, అంతే మెత్తగా. బిళ్ళ తీసుకెళ్లి దాని గుడ్డలో చుట్టేశాను.

కింద గేటు దగ్గర కంకిపాడు పిల్ల అందరికీ జామకాయలు పంచింది. మనిషికొకటి, ఎప్పట్లాగే. అందరూ తీసుకున్నారు, ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. ఆఖరి కాయ నా చేతిలో పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే ఎంత బాగుండేది, నేనూ ఏదో ఒకటి అని ఏడ్చి తేల్చుకునేదాన్ని.

"నీ పై గాంధారం తక్కువ పలుకుతోందే. వేలు కొంచెం నీ వైపుకి జరుపుకో. ఇవాళ నా చప్పుడు లేదుగా, బాగా వినిపించింది," అంది. మామూలుగానే అంది. సంచి భుజానికి తగిలించుకుని బస్సుకు వెళ్లిపోయింది. రోజిన్ చేతికి అంటుకుంటే నీళ్లకు వదలదు. ఆ సాయంత్రం మా అమ్మ కిరసనాయిలుతో నా అరచెయ్యి రుద్దుతూ, బిళ్ళని ఇంతసేపు పట్టుకుని ఏం చేశావే అని విసుక్కుంది.

మర్నాడు ఆమె వచ్చింది. రాదనే అనుకున్నాను. వాళ్లమ్మ ముచ్చటపడి కుట్టించిన పరికిణీ కోసమైనా వచ్చి ఉంటుంది. ఆకుపచ్చ పరికిణీ కట్టుకుని, వేదిక మీద కూడా నా పక్కన చివరి చోటులోనే కూర్చుని, ఎండు కమాను మొదటి నుంచి చివరిదాకా మాతో సమంగా ఆడించింది. వాళ్లమ్మ రెండో వరసలో నర్సు చీరలోనే కూర్చుని, పాట సాగినంతసేపూ కూతురి చేతినే చూస్తూ మురిసిపోయింది. పై గాంధారం దగ్గర నేను వేలు కొంచెం నా వైపుకు జరుపుకున్నాను. స్వరం సరిగ్గా పలికింది. మొదటి బహుమతి మాకే వచ్చింది. మాస్టారు అందరికంటే ముందు నా తల నిమిరారు, మా నాన్నగారు చూస్తుండగా.

ఆ తర్వాతి ఆదివారం కంకిపాడు పిల్ల రాలేదు. ఆ పైవారమూ రాలేదు. బస్సు దూరం కదా, చదువు దెబ్బతింటుందేమో అని మాస్టారు మాతో అన్నారు, మేం తలలూపాం. వెళ్లి చూసొద్దామని పదిహేనుమందిలో ఎవరమూ అనలేదు. కంకిపాడు ఏమంత దూరమని! గంట కూడా పట్టదు. రెండో వరసలో బిళ్ళ నా దగ్గరే ఆగిపోవడం అలవాటైపోయింది.

ఆమెనే ఎందుకు ఎంచుకున్నారన్నది పెద్దయ్యాక చాలాసార్లు ఆలోచించాను. మాస్టారు పోయారు కనుక లేనిపోనివన్నీ ఆయన మీద వేయను. నా తరఫున అడగడానికి మా నాన్నగారు ఉన్నారు, ఆమె తరఫున డ్యూటీ మానుకుని వచ్చి అడిగేవాళ్లెవరూ లేరు. ఇది మాత్రం ఖాయం. చెడ్డవాళ్ల నుంచి నేను జీవితంలో నేర్చుకున్నది తక్కువ. మంచివాళ్లు గొడవ ఇష్టం లేక ఏం చేయగలరో మాత్రం ఆ రోజు నేర్చుకున్నాను, వాళ్లలో నేనూ ఒకదాన్నని కూడా. మా మనవరాలి బృందం వాయిస్తుంటే తల్లిదండ్రులంతా తమ పిల్లల్ని చూసుకుంటారు. నేను చివరి వరసలో గోడ పక్కనున్న పిల్ల తీగల మీద పొడి రాలుతోందా లేదా అని చూస్తాను.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఫిడేలు తీస్తాను. మోహన పట్టుకుంటే పై గాంధారం దగ్గర వేలు దానంతటదే నా వైపుకు జరుగుతుంది. ఆ స్వరం ఎంత శుద్ధంగా ఉందో అంటారు విన్నవాళ్లు, ఎంత గొప్ప గురువు దగ్గర నేర్చుకున్నారో అంటారు. నేను ఊఁ కొడతాను.